నవ్వు రాలేదని చెప్పాను

ఏళ్ళ తరబడి గుండె మీద మోస్తున్న మాట ఇది. మా ఆయనకి కూడా తెలియదు. మీరు నా ముఖం ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

నరసాపురంలో మా పక్కింటి మాస్టారు రిటైరయ్యాక చిన్న వారపత్రిక నడిపేవారు. చివరి పేజీలో వ్యంగ్యం ఆయనదే. అచ్చుకి పంపే ముందు పిట్టగోడ దగ్గర నిలబడి నాకు చదివి వినిపించేవారు. నాది నాన్నగారు ఇంట్లో నేర్పిన చదువు, బడి ముఖం చూడలేదు. అయినా నేను నవ్వితేనే ఆ ముక్క పత్రికలోకి వెళ్ళేది.

ఒకసారి మా గుడి చైర్మన్ గారి మీద రాశారు. ఉత్సవం ఫ్లెక్సీలో స్వామి కంటే ఆయన బొమ్మే పెద్దది. అది చూసిన స్వామి టికెట్ కొనుక్కుని చైర్మన్ గారి దర్శనానికి క్యూలో నిలబడ్డాడట. అల్లుతున్న లేసు పక్కన పడేసి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను.

"అప్పట్లో పత్రికలవాళ్ళు దొరల మీద రాసి జైలుకెళ్ళారమ్మా. నేను మరీ గుడి చైర్మన్ మీద రాసి వెళ్తే పరువు తక్కువ కదా!" అన్నారు మాస్టారు.

అది అచ్చయ్యాక, భక్తుల మనసు గాయపడిందని మాస్టారి మీద కేసు పెట్టారు. చైర్మన్ గారు ఇంటికొచ్చి, భక్తురాలిగా నా మనసు నొచ్చుకుందని సాక్ష్యం చెప్పమన్నారు. మా ఆయనకి గుండెనొప్పి వస్తే రాజమండ్రి ఆస్పత్రికి చేర్చింది చైర్మన్ గారి కారే. రోజూ దీపం పెట్టి ఆ మేలు తలుచుకునేదాన్ని. కాదనలేకపోయాను. అది కృతజ్ఞతేనా? లేక ఆ కారు మళ్ళీ అవసరపడుతుందేమోనన్న భయమా? ఎంత తవ్వుకున్నా రెండూ విడిపోవడం లేదు.

కోర్టులో దేవుడి మీద ప్రమాణం చేశాను. మాస్టారి ప్లీడరు అడిగారు.

"ఇది చదివితే మీకు నవ్వు రాలేదా అమ్మా?"

"దేవుడి మీద రాస్తే నవ్వెలా వస్తుందండీ?"

ఆయన ఇంకా ఏదో అడగబోతే మాస్టారే ఆపారు. "చాలండి. ఆవిణ్ణి వదిలేయండి."

నేను నవ్విన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. శిక్ష పడింది. పై కోర్టు కొట్టేసేనాటికి పత్రిక మూతపడింది. ఆ తర్వాత పోయేదాకా ఆయన ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ రాయరు. ఫోన్లో జోకు వచ్చినా చదివి చెరిపేస్తారు. ఆ భయంలో నా వాటా ఎంత?

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేరు. దేవుడి పేరు కాపాడతానని దేవుడి మీదే ఒట్టేసి అబద్ధమాడాను. ఇన్నాళ్ళకి ఇది కాగితం మీద పెట్టగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.