హనుమేష్ మైకు ఏ పార్టీది?

మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి జరిగినా, తిరుణాల జరిగినా, ఓట్లొచ్చినా చెవులు చిల్లులు పడేలా మోగేది హనుమేష్ మైకుసెట్టే. ఆదోని వైపు నుంచి ఇల్లరికం వచ్చి, ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం పెద్దది. మైకు హారన్ల మధ్య బతికి బతికి అలా అయ్యుంటుంది పాపం. ఏ పార్టీ పిలిచినా కాదనడు. "గొంతు వాళ్లది, కరెంటు గవర్మెంటుది, హారన్ ఒకటే నాది" అంటాడు.

ప్రభుత్వం మారినప్పుడల్లా తిప్పలన్నీ ఆ హారన్‌కే. పాత ప్రభుత్వంలో ప్రతిపక్షం సభ పెడితే పర్మిషన్ లేదని పోలీసులు సెట్టు ఎత్తుకుపోయేవాళ్లు. కొత్త ప్రభుత్వం వచ్చింది, ఇక బెంగ లేదనుకున్నాడు మా వెర్రిబాగులవాడు. నెల తిరక్కుండానే అదే జీపు వచ్చి ఎత్తుకుపోయింది. ఈసారి సభ అవతలి పార్టీది, అంతే తేడా.

"స్టేషను నా సెట్టుకు అత్తగారిల్లు మాదిరి అయిపోయిండాది" అని నవ్వేవాడు హనుమేష్. నవ్వేవాడే గానీ, విడిపించుకోవడానికి తిరిగి తిరిగి చెప్పులు అరిగేవి.

ఈ ఏడు చిక్కు ఉల్లిగడ్డతో వచ్చింది. అక్కడ పండే చిన్న ఎర్రగడ్డను కేపీ ఉల్లి అంటారు. ఘాటు ఎక్కువని మనవాళ్లు కూరలో వెయ్యరు. దాన్ని తినేదంతా సింగపూరు, మలేసియావాళ్లు. దేశంలో ఉల్లి ధర పెరిగిందని ఢిల్లీ ఎగుమతి ఆపేసింది. మనం తినని గడ్డను మనకోసం ఆపడమేమిటో చెప్పేవాడు లేడు. కిందటి ప్రభుత్వంలో ఒకసారి ఇలాగే ఆపితే, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న శ్రీకాంత్ రైతులతో రోడ్డు మీద కూర్చుని అందరినీ దుమ్మెత్తిపోశాడు. ఇప్పుడు ఆయన అధికార పార్టీకి మండల నాయకుడు. పైగా వాళ్ల పార్టీ ఢిల్లీతో చెయ్యి కలిపింది. దాంతో ఉల్లి అనే మాటే ఆయన నోటికి రావడం మానేసింది.

ఉల్లి రైతు నాగక్క హనుమేష్ ఇంటికి వచ్చింది. "రేపు మేమంతా రోడ్డు మీద కూర్చుంటాండాం. మైకు కావాల అబ్బీ."

హనుమేష్ పెళ్లాం సిద్దమ్మ అడ్డం పడింది. "వద్దక్కా. మైకు ఇయ్యొద్దని శ్రీకాంతన్న మనిషి చెప్పిపోయినాడు. ముందర పెండ్లిండ్ల కాలం. సెట్టు స్టేషనుకు పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు."

"గడ్డకు మొలకలొస్తాండాయి సిద్దమ్మా" అంది నాగక్క. "మా మాట వినేవాడే లేకపోతే యాడికి పోవాల మేము?"

హనుమేష్‌కు భయం లేకపోలేదు. అయినా ఆ మాట విన్నాక కాదనలేకపోయాడు. "పద అక్కా, వస్తా" అనేశాడు.

తెల్లారి రోడ్డు పక్క వేపచెట్టు కింద షామియానా వేశారు. హనుమేష్‌కు ఒక అలవాటుంది. అందరిలా హలో హలో అని మైకు పరీక్షించడు. తాను రికార్డు చేసుకున్న పాత ఉపన్యాసమేదో పెడతాడు. ఉపన్యాసంలో అరుపులూ బుజ్జగింపులూ రెండూ ఉంటాయి, హారన్ బాగోగులు వాటిలో బయటపడతాయని ఆయన సిద్ధాంతం. జేబులో ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, రెండో హారన్ కట్టడానికి చెట్టెక్కాడు. సగంలో ఉండగా కింద ఉరిమినట్టు వినపడింది.

"రైతు నోరు నొక్కే ఈ ప్రభుత్వం నిలవదు! మా ఉల్లిగడ్డను ఆపడానికి ఢిల్లీ ఎవరు?"

శ్రీకాంత్ గొంతు! నాటి ధర్నాలో మాట్లాడిన మాటలు. ముందు దాన్ని ఆపాలనుకున్నాడు హనుమేష్. దిగుదామంటే అప్పటికే జీపు వచ్చి చెట్టు కింద ఆగింది.

సెట్టు పీకడానికి దూకిన ఎస్సై, జనం అడ్డంలో మాట్లాడేదెవరో కనపడకపోయినా, ఆ గొంతు వినగానే టోపీ సర్దుకుని నిలబడిపోయాడు. "శ్రీకాంత్ గారా?" అని గుసగుసగా అడిగాడు.

"గొంతు తెలీలేదా సారూ?" అంది నాగక్క, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

అధికార పార్టీ నాయకుడు ప్రభుత్వాన్నే తిడుతున్నాడంటే పార్టీ మారి ఉంటాడనుకున్నాడు ఎస్సై. ఆయన తప్పేం లేదు, ఆ సీమలో పొద్దున ఒక కండువా, మాపున ఒక కండువా మామూలే. రేపు ఎవరి చేతికి పగ్గాలొస్తాయో ఎవరు చూశారు? ఎందుకైనా మంచిదని కానిస్టేబుళ్లను పంపి లారీలను ఆపించి, సభకు దారి చేయించాడు. రైతులు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఈలోగా శ్రీకాంత్ ఫోన్ మోగడం మొదలైంది. "ఏమన్నా, పార్టీ మారినావంట?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఆయన మోటార్‌సైకిల్ మీద పడుతూ లేస్తూ వచ్చేసరికి, హారన్‌లోంచి ఆయనే "మైకు లాక్కోండి, మా గొంతు లాక్కోలేరు!" అని గర్జిస్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాగక్క పాట ఆపినట్టు దాన్ని ఆపి, అసలు మైకు ఆయన చేతికిచ్చింది.

అంతమంది ముందు ఏం చేస్తాడు? మొదట గొణిగాడు. ఎదురుగా మొలకెత్తిన గడ్డల కుప్ప కనపడేసరికి మనసు కరిగిందో, చప్పట్లకు ఊపొచ్చిందో గానీ, ఎగుమతికి దారి తియ్యమని పైవాళ్లను తానే అడుగుతానని గట్టిగా చెప్పి ముగించాడు.

ఆ వెంటనే, చెట్టు దిగొచ్చిన హనుమేష్‌ను చాటుకు లాగాడు. "నా పరువు తీస్తావప్పా? తుడిపెయ్ దాన్ని, ఇప్పుడే!"

హనుమేష్ జంకలేదు. "తుడిపేస్తాలే అన్నా. కానీ మళ్లా ఓట్లొస్తాయి. నువ్వు అవతల పడితే ఈ ఎస్సైనే వచ్చి నీ మైకు పీకుతాడు. ఆ పొద్దు నీ కోసం చెట్టెక్కి ఈ గొంతే వినిపించేది నేనే కదన్నా?"

శ్రీకాంత్ తల తిప్పి చూశాడు. రోడ్డు మీద ఎస్సై ఇంకా ఆయన కోసం లారీలను ఆపుతూనే ఉన్నాడు. "ఉండనీలే దాన్ని" అన్నాడు.