ఆరు మగ్గాలు, రెండు హోటళ్లు

హైదరాబాద్‌లో మెట్రో రైలు కొత్తగా నడవడం మొదలైన చలికాలంలో నేను హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ట్రావెల్ ఏజెన్సీకి బ్రాంచి ఇన్‌చార్జిగా ఉన్నాను. ఆ సీజన్‌లో ఒకే ఒక్క హోటల్ గది బుక్ చేసి, వరంగల్ కొత్తవాడలో ఆరు మగ్గాలు అమ్ముడుపోకుండా ఆపాను. హైదరాబాద్‌లోని ప్రతి ఐదు నక్షత్రాల హోటల్ పరుపు మీదా పడుకుని లేచిన అనుభవం ఉండబట్టే అది నా వల్ల అయింది. నా సర్వీసు మొత్తంలో ఇంతకంటే పెద్ద పని చేసిన గుర్తు లేదు.

మొదట్లోనే కొంత సవరించుకోవడం మంచిది. బ్రాంచి ఇన్‌చార్జి అన్న హోదా నిజమే. కాకపోతే ఆ బ్రాంచిలో నేను, టికెట్లు కొట్టే ఒక అమ్మాయి తప్ప ఇన్‌చార్జి తీసుకోవడానికి ఇంకెవరూ లేరు. పరుపుల సంగతికి వస్తే, రాత్రంతా పడుకున్నవి రెండే రెండు హోటళ్లలో. మిగతా చోట్ల పరుపు అంచున కూర్చుని కొంచెం ఎగిరి చూసి లేచాను. దాన్ని మా వృత్తిలో సైట్ ఇన్‌స్పెక్షన్ అంటారు.

మగ్గాల మాట మాత్రం సవరించను.

ఈ వృత్తి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. హోటల్ గదికి బోర్డు మీద ఉండే రేటు వేరు, మాలాంటి ఏజెంట్లతో కుదుర్చుకున్న ఒప్పందపు రేటు వేరు. గది ఖాయమయ్యాక మేం చేతికిచ్చే కాగితాన్ని ఓచర్ అంటారు. ఆ ఓచర్ మీద గది ఏ రకమో, మంచం ఒకటో రెండో, పొద్దుటి ఫలహారం అందులో కలిసి ఉందో లేదో రాస్తాం. ఇక హోటళ్లవాళ్లు అప్పుడప్పుడు ఏజెంట్లను పిలిచి, గదులు చూపించి, భోజనం పెట్టి పంపుతారు. అది ఫామ్ ట్రిప్. ఆ పూట తిండి మరీ బాగుంటుంది కాబట్టి గది మీద ఏజెంటు చెప్పే తీర్పును పూర్తిగా నమ్మకూడదు. డబుల్ కా మీఠా కోసం ఒక హోటల్‌ను నేను చాలాకాలం పొగిడాను. దాని గదుల్లో నీళ్లు సరిగా రావని తర్వాత తెలిసింది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తిరుపతి, షిరిడీ, కాశీ అడిగేవాళ్లు. హైదరాబాద్ వెళ్లాలంటే మన వైపు మనిషికి పెళ్లో, దవాఖానో, కోర్టు వాయిదానో ఉండాలి. ఊరికే రెండు రోజులు పెద్ద హోటల్లో ఉండి వస్తానని అడిగినవాడు అప్పటికి నాకు తగలలేదు. అలా అడిగిన మొదటి మనిషి వీరస్వామి.

వీరస్వామి కొత్తవాడలో జంపఖానాలు నేయించే ఆసామి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు మగ్గాలు. అయిదింటి మీద కూలికి నేసేవాళ్లు కూర్చుంటారు, ఆరోదాని మీద ఆయన భార్య సరోజన. ఒకప్పుడు మేము ఒకే గల్లీలో ఉన్నాం. ఆయనను అన్నా అని, ఆమెను వదినా అని పిలవడం అప్పటి అలవాటు. నన్ను మరిది అని పిలిచే హక్కుతో పాటు, ఎగతాళి చేసే హక్కును కూడా ఆమె ఎప్పుడూ వదులుకోలేదు.

ఆ రోజు వీరస్వామి ఆఫీసులోకి వచ్చి కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాడు.

"వెంకన్నా, పట్నంల మంచి హోటల్ చెప్పు. తినే హోటల్ కాదు, పండుకునే హోటల్. రెండు రోజులు."

"పని మీదనా అన్నా?"

"ఏ పని లేకుంట ఉండాలె. గదే పని."

టికెట్ల అమ్మాయి నవ్వింది. వీరస్వామి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. నూలు ధర పెరిగిపోయింది, నేసేవాళ్లు దొరకడం లేదు, మగ్గాలు అమ్మేద్దామని ఆయన ఆలోచన. కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. సరోజనే ఒప్పుకోవడం లేదు. ఇంట్లో ఎంత చెప్పినా మగ్గం చప్పుడులో మాట కలిసిపోతోంది.

"రెండు రోజులు సుఖపడితె జర మెత్తవడుతది. నీదే భారం," అన్నాడు.

అంటే నేను వెతకాల్సింది ఒక ఇల్లాలి పట్టు సడలించే గదిని. ఇలాంటి షరతు ఏ ఓచర్ మీదా రాయడానికి గడి ఉండదు.

చేతిలో రెండు హోటళ్లు మిగిలాయి. పేర్లు వద్దు. ఒకటి చెరువు ఎదురుగా ఉండే పాత పెద్ద హోటల్, రెండోది ఆఫీసుల మధ్య కొత్తగా లేచిన అద్దాల హోటల్. నేను పద్ధతిగానే పోల్చాను. లిఫ్టుకు మరీ దగ్గర గది ఇవ్వకూడదు, తలుపుల చప్పుడు వస్తుంది. వయసు మళ్లినవాళ్లకు స్నానాల గదిలో తొట్టి ఉండకూడదు, దాని గోడ దాటడం కష్టం. దిండ్లు రెండు రకాలు ఇస్తారా, పొద్దున ఇడ్లీ ఉంటుందా, కిటికీ తెర తీస్తే ఏం కనిపిస్తుంది, ఇవన్నీ చూశాను. చెరువు హోటల్లో గది నిండా పాదం మునిగే కార్పెట్ ఉంది. అడుగు చప్పుడు కాకపోవడం పెద్ద హోటల్ లక్షణమని మాకు నేర్పారు. అద్దాల హోటల్లో ఉన్నది వట్టి చెక్క నేల. అది చూసి దానికి ఒక మార్కు తగ్గించాను.

మిగిలింది మంచం. పెద్దవాళ్ల విషయంలో ఒకటా రెండా అని అడగడం మా పనిలో అన్నిటికంటే ఇబ్బందైన ప్రశ్న. నేను నసుగుతుంటే వీరస్వామే అందుకున్నాడు.

"ఏదైనా ఒకటే. ఆమెకు మంచం అలవాటు లేదు, కింద పండుకుంటది."

"ఆ పరుపు మీద ఒక్కసారి నడుం వాలిస్తే వదిన ఇగ కింద పండుకోదు. ఫికర్ చెయ్యకు," అని చెరువు హోటల్‌కు ఓచర్ రాశాను.

వాళ్లు వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది.

"ఏం హోటల్ ఇచ్చినవ్ వెంకన్నా! మీ వదిన రాత్రంత కుర్సీల కూసున్నది. పరుపు మీద పండదట. కింద పండదట. చెప్పుల కాళ్లతోని తిరిగే దాని మీద ఎట్ల పండుకోవాలె అంటాంది."

ఆమె తన బట్టల సంచిలో ఇంట్లో నేసిన జంపఖానా ఒకటి చుట్టి తెచ్చుకుంది. సంచిలో ఉన్నవన్నీ చీరలే అనుకుని వీరస్వామి మోసుకెళ్లాడు. కార్పెట్ మీద పరచమంటే ఆమె పరచనంది. జంపఖానాను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తెల్లారి చూస్తే మొహం పీక్కుపోయి ఉంది, ఇంటికి పోదామంటోంది. ఇంటికి పోతే మగ్గాల మాట మళ్లీ ఎత్తడానికి ఉండదని వీరస్వామి బాధ.

నేను ఉన్న పళాన కాజీపేటకు పరుగెత్తి మొదటి బండి ఎక్కాను.

ఎక్కలేదు. ఇంట్లోనే కూర్చుని ఫోన్ తీశాను. కాని పని మాత్రం బండి ఎక్కినంత చేశాను.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. రెండు రాత్రులకు గది తీసుకుని మధ్యలో ఖాళీ చేస్తే రెండో రాత్రి డబ్బు హోటల్ తిరిగివ్వదు. మినహాయింపు ఇచ్చే అధికారం ఫ్రంట్ ఆఫీసులో నవ్వుతూ నిలబడే పిల్లలకు ఉండదు. డ్యూటీ మేనేజర్‌కే ఉంటుంది, అదీ ఆరోగ్య కారణం చూపిస్తేనే. కార్పెట్ నచ్చలేదు అన్నది ఆరోగ్య కారణం కాదు. అందుకని నేను డ్యూటీ మేనేజర్‌ను లైన్లోకి పిలిపించుకుని, అతిథికి తీవ్రమైన నడుము నొప్పి అని, మెత్తటి పరుపు పనికిరాదని, గట్టి నేల మీదే పడుకోవాలని డాక్టరు చెప్పాడని, మీ హోటల్లో గట్టి నేల అనేదే లేదని గంభీరంగా చెప్పాను. నా సర్వీసులో ఆడిన అబద్ధాల్లో ఇంత అతికినట్టు కుదిరింది మరొకటి లేదు. పరుపుకూ సరిపోయింది, కార్పెట్‌కూ సరిపోయింది. ఆయన పాపం ఆమె క్షేమం అడిగి, రెండో రాత్రి డబ్బు వదిలేసి, వాళ్లను హోటల్ కారులోనే పంపించాడు.

వెంటనే అద్దాల హోటల్‌కు ఓచర్ పంపాను. చెక్క నేల గుర్తొచ్చి పంపానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. నిజానికి ఆ పూట ఒప్పందపు రేటుకు గది ఉన్న పెద్ద హోటల్ అదొక్కటే.

అక్కడ జరిగింది తిరిగి వచ్చాక వీరస్వామి చెప్పాడు. సరోజన కిటికీ పక్కన చెక్క నేల మీద జంపఖానా పరిచి, మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రానికి లేచింది. రాత్రీ అక్కడే పడుకుంది. మర్నాడు గది సర్దడానికి వచ్చిన హౌస్‌కీపింగ్ అమ్మాయి ఎర్రచారలు, నీలిచారలు చూసి ఇది ఎక్కడ కొన్నారమ్మా అని అడిగింది. "కొనలే బిడ్డా, నేసిన," అంది సరోజన. ఆ అమ్మాయి తన బూట్లు విప్పి పక్కన పెట్టి అప్పుడు జంపఖానా దగ్గరికి వచ్చింది. వీరస్వామి అదంతా చూస్తూ నిలబడ్డాడు.

"మగ్గాలు అమ్ముతలేను," అని మాత్రం అన్నాడు నాతో. అంతకంటే వివరం చెప్పలేదు. మిగతాది నేను పూర్తి చేసుకున్నాను. భార్య నేసిన బట్ట ముందు ఒక పరాయి పిల్ల బూట్లు విప్పడం చూసి ఆయన మనసు మారింది. ఆ పిల్ల చెక్క నేల ఉన్న హోటల్లో ఉంది. ఆ హోటల్ ఓచర్ నాది. కాబట్టి మగ్గాలు నిలవడం నా ఖాతాలోదే.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించినది. హోటల్ ఎంపికలో నేను పైకప్పు దీపాల దాకా చూశాను కాని, కస్టమర్ చెప్పిన ఒకే ఒక్క ముక్కను నవ్వి తోసేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరు గది అడిగినా, ఇంట్లో దేని మీద పడుకుంటారు అన్నది మొదటి ప్రశ్నగా పెట్టుకున్నాను. కొందరు చిరాకుపడ్డారు. ఎవరూ రాత్రంతా కుర్చీలో మాత్రం కూర్చోలేదు.

ఇంతవరకు రాసి, అచ్చుకు పంపే ముందు వాళ్లిద్దరికీ చదివి వినిపించడం మర్యాద అనుకుని మొన్న కొత్తవాడ వెళ్లాను. వెనక షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి. వీరస్వామి తనే చాయ్ పెట్టి తెచ్చాడు. సరోజన వీపు నిటారుగా ఉండే చెక్క కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నది. నేను కాగితాలు మడిచాక భర్త వైపు తిరిగింది.

"మగ్గాలు అమ్ముదామన్నది నువ్వానయ్యా?"

వీరస్వామి చాయ్ గ్లాసులోకి చూశాడు.

"చెప్పు. నోట్లె నాలుక లేదా?"

"నువ్వే చెప్పరాదు," అన్నాడాయన.

"అమ్ముదామన్నది నేను మరిదీ. కూసోని కొట్టి కొట్టి నడుం పోయింది. ఇగ నాతోని కాదు, మగ్గం దిగుత, అమ్మి పారేద్దాం అన్న. ఈయనకు మనసొప్పలే. పెండ్లాం మగ్గం దిగుతానంటాందని చెప్పుకుంటె వాడకట్టుల ఇజ్జత్ పోతదని నీకు తిర్లమర్ల చెప్పిండు. రెండు రోజులు ఏసీల పెడితె మళ్ల ఎక్కి కూసుంట అనుకున్నడు."

మరి చెప్పుల కాళ్ల సంగతి ఏమిటని అడిగాను.

"నేను అనలే. ఈయన కలిపిండు. పరుపూ మెత్తగనే, కార్పెటూ మెత్తగనే, నడుం ఏడ పెట్టాలె నేను?"

"ఆ అమ్మాయి బూట్లు విప్పింది కదా వదినా?"

"ఇప్పింది. నా జంపఖానా చూసి కాదు. తెల్లారి నేను కింద పండుకున్నదాన్ని లేవలేకపోతాంటె, నన్ను లేపనీకె ఇప్పింది. ఆ పిల్ల ఒక చెయ్యి, ఈయన ఒక చెయ్యి పట్టుకుంటె లేచిన. నా నడుం ఎట్లయిందో ఈయన గప్పుడు చూసిండు. గా గదిలనే ఒప్పుకున్నడు, నా మగ్గం మీద కూలి మనిషిని పెడుత అని. ఆరు మగ్గాలూ ఉన్నయి. నేను దిగిన. గంతే."

 వీరస్వామి ఖాళీ గ్లాసులు పట్టుకుని లోపలికి పోయాడు. నేను కాగితాలు మళ్లీ విప్పి, ఎక్కడెక్కడ దిద్దాలో గుర్తు పెట్టుకోవడానికి జేబులో పెన్ను వెతుక్కున్నాను.

"దిద్దకు, గట్లనే ఉండనీ," అంది సరోజన. "గా మేనేజర్‌తోని అబద్ధమాడిన అని గొప్పగ రాసుకున్నవ్ చూడు. నువ్వు చెప్పినదాంట్ల గా అబద్ధమొక్కటే నిజం."