తండ్రి చూడకూడని పిల్ల

మా రెండో బిడ్డ ఏ రోజు, ఏ పూట పుట్టాలో ముందే ఖరారైపోయింది. మొదటివాడికి ఆపరేషన్ అయింది, మధ్యలో ఎడం తక్కువ, కాబట్టి ఈసారి కూడా ఆపరేషనే అని మేడ్చల్‌లో నన్ను చూసే డాక్టరమ్మ ఆరో నెలలోనే చెప్పేసింది. ఆ మాట విని మా అత్తమ్మ హమ్మయ్య అనుకుంది. నాకు కోత పడుతుందని కాదు ఆమె సంతోషం. నొప్పులు ఏ వేళ వస్తాయో అని భయపడక్కర్లేదు, మంచి నక్షత్రం చూసి బిడ్డను బయటికి తీయించుకోవచ్చని. ఇప్పుడు మా వైపు ఇదేం కొత్త కాదు. పెళ్లి ముహూర్తం అటూ ఇటూ అయితే సర్దుకుంటారు గానీ ఆపరేషన్ ముహూర్తం తప్పితే ఇంటిల్లిపాదీ డీలా పడిపోతారు.

అత్తమ్మ పనిగట్టుకుని బస్సెక్కి అల్వాల్ వెళ్లి, తనకు గురి ఉన్న పంతులును అడిగి వచ్చింది. ఉత్తరాషాఢ నక్షత్రం, శుక్రవారం పొద్దున. డాక్టరమ్మ మారుమాట లేకుండా ఒప్పుకుంది. థియేటరు బయట గడియారం చూసుకుంటూ తిరిగే అత్తలను ఆమె చాలామందినే చూసి ఉంటుంది. నేను అప్పటికి శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. బడిలో చెప్పే గ్రహాలు వేరు, ఇంట్లో తిరిగే గ్రహాలు వేరు. ఎలాగూ కొయ్యక తప్పదు, ఆ కోసేదేదో వాళ్లకు నచ్చిన రోజున కోసుకోనీ అని ఊరుకున్నాను.

కడుపులో ఉన్నదానికి మాత్రం ముహూర్తం సంగతి ఎవరూ చెప్పలేదు. బుధవారం మధ్యాహ్నం, పిల్లాడికి పెరుగన్నం కలుపుతుంటే నడుము పట్టేసింది. ముందు తిమ్మిరి అనుకున్నాను. మళ్లీ వచ్చింది, ఈసారి పొత్తికడుపు దాకా. పాత కుట్ల దగ్గర ఎవరో వేలు పెట్టి లాగుతున్నట్టు ఒక మంట. గోడ పట్టుకుని "అత్తమ్మా, నొప్పులొస్తున్నయి" అన్నాను.

ఆమె నా కడుపు వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది.

"ఇయ్యాల మూల గద బిడ్డా" అంది. "గిప్పుడు మొదటి పాదం నడుస్తాంది. మొదటి పాదంల పుడితే తండ్రికి గండం. పొద్దుమూకేదాంక జర ఓపిక పట్టు. పాదం మారనియ్యి."

ఓపిక పట్టడానికి అది నా చేతిలో ఉన్న పని కాదని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. అప్పుడే మా ఆయన మార్కెట్టు నుంచి వచ్చాడు. ఆయనకు సొంతంగా ఒక ట్రాలీ ఆటో ఉంది, తెల్లారకముందే ఊరి కూరగాయలు మార్కెట్టుకు చేరుస్తాడు. తాళంచెవి చేతిలో పట్టుకుని తల్లి మొహం ఒకసారి, నా మొహం ఒకసారి చూస్తూ గుమ్మంలో నిలబడిపోయాడు. నా కేక విని, మేం ఖాలా అని పిలిచే పక్కింటామె వచ్చింది. మా పిల్లాడు సగం రోజు ఆమె ఇంట్లోనే ఉంటాడు. సంగతి విని అత్తమ్మను ఏమీ అనలేదు, మా ఆయన్ను పట్టుకుంది.

"పాత కుట్లు పగిలినయనుకో, ఏ పంతులొచ్చి కుడతడు? పరేషాన్ గాకు, జల్దీ తీస్కపో. పోరడు నా దగ్గర ఉంటడు."

నన్ను ట్రాలీ ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అత్తమ్మ వెనక, ఖాళీ టమాటా డబ్బాల మధ్య కూర్చుంది. రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో వేసిన ప్రతి స్పీడు బ్రేకరూ నా కడుపులోంచే పోయింది. నాకు ఆ నొప్పిలోనూ కోపం ఆగలేదు. "గండం గురించే ఆలోచిస్తున్నవా?" అని అడిగాను. ఆయన గేరు మార్చి బండిని ఇంకా జోరుగా పోనిచ్చాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, ఇక ఆగేది లేదంది. అత్తమ్మ ఆమె వెంటపడి, సాయంత్రం దాకా ఆపడానికి ఇంజెక్షన్ ఏదైనా ఉందా అని అడగడం నాకు స్ట్రెచరు మీది నుంచి వినిపించింది. పాదం మారితే ఏమవుతుందో నాకు తర్వాత తెలిసింది. మూల మొదటి పాదం తండ్రికి గండమైతే, రెండో పాదం తల్లికి గండమట. ఆ సంగతి అత్తమ్మకు తెలుసో తెలియదో నేను ఇప్పటికీ అడగలేదు. అడిగి ఆ జవాబును ఇంట్లో పెట్టుకుని బతకడం నా వల్ల కాదు.

వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాక నడుము కింద నేను లేను. మెడ దగ్గర అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. మొదటివాడప్పుడు వాణ్ని బయటికి తీయగానే గది అదిరిపోయేలా ఏడ్చాడు. ఇప్పుడు కూడా ఆ ఏడుపు కోసమే చూస్తున్నాను. లాగినట్టు తెలిసింది, కడుపు ఖాళీ అయినట్టు తెలిసింది. ఏడుపు లేదు. ఎవరో వీపు మీద తట్టుతున్న చప్పుడు, గొట్టంతో ఏదో పీలుస్తున్న చప్పుడు. "ఏడుస్తలేదేంది, ఏడుస్తలేదేంది" అని నేనే అంటున్నానని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. నర్సు నా చెంప మీద చెయ్యి పెట్టింది. ఎంతసేపటికో పిల్లిపిల్ల మూలిగినట్టు సన్నగా ఒక శబ్దం వచ్చింది. ఆడపిల్ల అన్నారు. ఉమ్మనీరు మింగింది, బరువు కూడా తక్కువుంది, అద్దాల గదిలో పెట్టాలి అన్నారు. నాకు సరిగా చూపించకుండానే తీసుకుపోయారు.

ఆ తర్వాత గది బయట జరిగింది మా అమ్మ చెప్పింది. అమ్మ నాగారం నుంచి అప్పుడే వచ్చి చేరింది. నర్సు గుడ్డలో చుట్టిన పిల్లను తెచ్చి "తండ్రి ఎవరు?" అని అడిగిందట. మా ఆయన ఒక అడుగు ముందుకు వేశాడట. అత్తమ్మ ఎగిరి అడ్డం వచ్చి, కొడుకు కళ్లకు తన చీర కొంగు కప్పేసిందట. నర్సు నవ్వాపుకోలేక, పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయిందట. అమ్మ చెబుతూ తనూ నవ్వబోయింది గానీ నా మొహం చూసి ఆగిపోయింది.

పంతులు ఫోనులో చెప్పేశాడు. అదే నక్షత్రం తిరిగొచ్చే దాకా, అంటే ఇరవై ఏడో రోజు దాకా తండ్రి బిడ్డ మొహం చూడకూడదు. ఆ రోజు శాంతి చేయించి, ముందు నూనెలో నీడ చూడాలి, ఆ తర్వాతే బిడ్డను చూడాలి. "మూడు నాలుగు వారాలే గద బిడ్డా, జర ఓర్సుకో" అంది మా అమ్మ కూడా. మన పిల్ల మూడు నాలుగు వారాలు ఉంటుందని నీకెవరు చెప్పారు అని అడగాలనిపించింది.

ఆయన పనులన్నీ చేశాడు, కాదనను. మందుల కోసం కిందికీ పైకీ తిరిగాడు. నన్ను రక్త పరీక్షలకు తీసుకెళ్లాడు. నేను పిండిన పాలు గిన్నెలో పోసి ఇస్తే, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని జాగ్రత్తగా అద్దాల గది దాకా మోసేవాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం లోపలికి చాపి గిన్నె అందించేవాడట. నర్సులు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఊపిరి కోసం కొట్టుకుంటున్న చారెడు పిల్ల, ట్రాలీ తోలే మనిషిని ఏం చేస్తుంది?

మూడో రోజు నాకు జ్వరం పట్టుకుంది. కుట్ల దగ్గర చీము పడుతోందన్నారు. అదే రోజు పిల్లల డాక్టరు వచ్చి, పాపకు ఊపిరి కుదుటపడుతోంది గానీ ఒంట్లో వేడి నిలవడం లేదు, బరువు పెరగడం లేదు, రోజూ కొన్ని గంటలు ఎవరి ఛాతీకైనా ఆనించి పడుకోబెట్టాలి అన్నాడు. ఆ గదిలోకి తల్లినీ తండ్రినీ తప్ప ఎవరినీ రానివ్వరు. జ్వరం ఉంది కాబట్టి నన్ను కూడా రానివ్వరు. "వాళ్ల నాన్నను పంపండి" అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

అత్తమ్మ పిల్లాణ్ని చూసుకోవడానికి ఇంటికి వెళ్లి ఉంది. నేను మంచం దిగాను. అమ్మ వద్దంటున్నా వినకుండా, కుట్లను అరచేత్తో అదిమి పట్టుకుని, గోడ వెంబడి నడిచాను. అద్దాల గది ముందు బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. వీపు అద్దం వైపు, మొహం మెట్ల వైపు. ఆ వీపు చూడగానే మూడు రోజులుగా ఆపుకున్నదంతా పొంగుకొచ్చింది.

"లోపలికి పో. పిల్లను ఎత్తుకో" అన్నాను.

"అమ్మ ఏమన్నదో ఎరుకే గద."

"అమ్మను అడుగుతలేను, నిన్ను అడుగుతున్న. అది సస్తే గప్పుడు చూస్తవా? అప్పుడు దోషం ఉండదా? నీ పానమే అంత తీపా నీకు?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని మాట అప్పుడు చెప్పాడు.

"నేను పుట్టింది గూడ మూలలనే. నాకు మూడు నెల్లు రాకముందే బాపును కరీంనగర్ రోడ్డు మీద లారీ గుద్దింది. తండ్రిని మింగి పుట్టిండు అనేటోళ్లు నన్ను. సుట్టాలు, ఊరోళ్లు, అందరు. ఎవరింట్ల లగ్గమైనా ముందు వరుసల కూసోనియ్యకపోయేది. బడిల పోరగాండ్లు గూడ అనేటోళ్లు. అమ్మ అన్ని ఇనుకుంట ఉండేది, ఏమనకపోయేది." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "నా పానం గురించి గాదు. రోజు బండి తోలేటోణ్ని. రేపు నాకేమన్న అయితే గా మాట ఈ పిల్లనంటరు. పిల్ల గా మాట పడొద్దు."

మామయ్య రోడ్డు ప్రమాదంలో పోయాడని మాత్రమే నాకు తెలుసు. ఎవరి పెళ్లికి వెళ్లినా ఈయన ఎప్పుడూ వంటల దగ్గరో బండ్ల దగ్గరో నిలబడేవాడు. సిగ్గరి అనుకుని నేనే ఎన్నోసార్లు ఆటపట్టించాను. అద్దం వైపు తిప్పిన ఆ వీపు మీద జాలి కలిగింది. కానీ జాలితో లోపలున్న దాని ఒంట్లో వేడి నిలవదు.

"నువ్వు చూడకున్న అంటరు" అన్నాను. "నీకేమన్న అయితే, ఈయన పిల్లను చూసిండా లేదా అని ఎవరు అడగరు. మూలల పుట్టింది, మింగింది అంటరు. మీ బాపు నిన్ను చూసిండో లేదో ఎవరన్న అడిగిండ్రా?"

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ ప్రశ్న తనకు ఎప్పుడూ తట్టలేదని ఆ చూపులో తెలిసింది. లేచి నిలబడ్డాడు. అయినా వెంటనే తిరగలేదు. భయం ఆయన ఒంట్లోంచి పోలేదు, నేను ఆ చొక్కా వెనక భుజాలు ఎగిరిపడడం చూస్తూనే ఉన్నాను. తర్వాత చెప్పులు విడిచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్లాడు.

అద్దంలోంచి నేను చూశాను. నర్సు చొక్కా గుండీలు విప్పమంది. పిల్లను తీసి ఆయన ఛాతీ మీద ఆనించి పైన దుప్పటి కప్పింది. ఆయన మొదట కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు. పిల్ల కదిలినట్టుంది, కళ్లు తెరిచాడు. ఆ తర్వాత మూయలేదు. నేను అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఏడ్చాను. అందులో సంతోషం ఎంతో నాకు తెలియదు. ఆ మూడు రోజులు నేను మర్చిపోలేదు, మర్చిపోవాలని కూడా లేదు.

పిల్ల బతికింది. ఆయన లోపలికి వెళ్లిన సంగతి అత్తమ్మకు మేం చెప్పలేదు. ఇంటికి వచ్చాక మళ్లీ మొహం తిప్పుకునే నాటకం ఆడాం. ఆయన పగలంతా ఖాలా వాళ్ల వసారాలో గడిపేవాడు.

ఇరవై ఏడో రోజు అల్వాల్ పంతులు వచ్చి హోమం చేశాడు. కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి ఆయన ముందు పెట్టారు. ఆయన వెనక నేను పిల్లను ఎత్తి పట్టుకుని, ఆ మొహం నీడ నూనెలో పడేలా నిలబడ్డాను. అత్తమ్మ పక్కనే కూర్చుని గిన్నెలోకి తొంగి చూస్తోంది. నీడ కుదురుగా కనబడగానే ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పంతులు ఇక బిడ్డను తీసుకోవచ్చన్నాడు. ఆయన వెనక్కి తిరిగి నా చేతుల్లోంచి పిల్లను అందుకున్నాడు. మొదటిసారి ఎత్తుకునే మనిషికి అంత ఒడుపు ఉండదు, అత్తమ్మ గమనిస్తుందేమోనని నాకు గుబులు పుట్టింది.

ఆమె అది గమనించలేదు. కొడుకునే చూస్తోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆయన తల నిమిరింది.

"నీకు గిట్ల చేపియ్యలేదు కొడుకా" అంది. "నాకప్పుడు చెప్పేటోళ్లు లేకపోయిరి. చేపిస్తే మీ బాపు బతికి ఉండునేమో."

ఆమె ప్రేమగానే అంది. అందుకే నాకు ఇంకా భయం వేసింది. ఇన్నేళ్లూ ఊరి మాటలు వింటూ నోరు మెదపకుండా ఉన్నదంటే, వాళ్లన్నది ఆమె కూడా నమ్మిందన్న మాట. ఆయన మొహంలోకి చూడలేక పంతులు వైపు చూశాను. పంతులు గిన్నెలో నూనెను వేరే పాత్రలోకి వంచుతున్నాడు.

ఆయన తల్లి చేతిని మెల్లిగా తల మీది నుంచి తీసేశాడు. పిల్ల చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"గా మాట ఈ ఇంట్ల ఇగ అనకు, అమ్మా" అన్నాడు. "పిల్ల ఇంటది."