చిరుగు ఎక్కడుందో ఎవరూ చూడలేదు

కెర్గన్ రేవులో తెరచాప చిరిగితే కుట్టినవారిని వెంటనే తప్పుపట్టరు. చాపను నేలమీద పరిచి, చిరుగు కుట్టు వెంబడి ఉందా, పక్కన ఉందా అని ముందు చూస్తారు. కుట్టు విడిపోతే తప్పు కుట్టినవారిది. గుడ్డ చిరిగితే వాడినవారిది. చదువురాని జాలరులు సైతం పాటించే ఈ న్యాయాన్ని 1911లో ఆ ఊరి విమాన సంఘం పెద్దలు పాటించలేదు. అందుకు బలైనది థర్జా ట్రెంబత్.

భర్త సముద్రంలో పోయాక పంతొమ్మిదేళ్లపాటు థర్జా ఒక్కతే ఆ రేవులో తెరచాపలు కుట్టే కొట్టు నడిపింది. కుట్టిన ప్రతి కుట్టు చివరా ఒక ఎర్ర దారం వేసేది. అది ఆమె సంతకం. సైకిళ్లు బాగుచేసే ఆస్వాల్డ్ లిడ్జెట్, సంఘం చందాలతో కడుతున్న తన ఎగిరే యంత్రం రెక్కలకు గుడ్డ కుట్టమని ఆమె దగ్గరికే వచ్చాడు. అతడు తెలివితక్కువవాడు కాడు. రెక్క వంపు ఎంత ఉండాలో గాలిపటాలు ఎగరేసి ఏడాదిపాటు పరీక్షించినవాడు. కాని గుడ్డ బిగుసుకోవాలని దానికి సగ్గుబియ్యం గంజి పూశాడు.

"పొడిగా ఉన్నంతసేపే ఈ బిగువు, ఆస్వాల్డ్. మంచుకు తడిస్తే మెత్తబడిపోతుంది. ఎండెక్కాక ఎగురు" అన్నది థర్జా.

"ఎండెక్కితే గాలి లేస్తుందండీ. తెల్లారగట్ల తప్ప నా యంత్రం నిలవదు."

"అయితే గంజి మానేసి వార్నిష్ పూయి."

"బరువైపోతుంది. పైకి లేవాల్సింది నేను గదా, మీరు కాదు!"

"కింద పడాల్సిందీ నువ్వే గదా, నాయనా."

ఇద్దరూ నవ్వుకున్నారు. గంజి అలాగే ఉండిపోయింది.

మార్చి నెలలో, గడ్డి నిండా మంచు కురిసిన ఒక ఉదయం యంత్రం ముప్పై అడుగులు లేచింది. కుడి రెక్క గుడ్డ వదులై టపటప కొట్టుకుని, నిలువునా చిరిగింది. యంత్రం బంగాళాదుంపల చేలో కూలింది. ఆస్వాల్డ్‌కు భుజం ఎముక విరిగింది. ఆ శనివారం పత్రికలో సంఘం ప్రకటన వచ్చింది: కుట్టు విడిపోవడమే ప్రమాదానికి కారణమట. వారం తిరగకముందే ఇద్దరు పడవల యజమానులు థర్జాకు ఇచ్చిన చాపలు వెనక్కి తీసుకుపోయారు. ఆ ఊళ్లో ఆమెకున్న ఆస్తల్లా ఆమె కుట్టుకు ఉన్న పేరే.

థర్జా విరిగిన యంత్రాన్ని ఉంచిన కొట్టం దగ్గరికి వెళ్లి, రెక్క గుడ్డను విప్పి చూసింది. కుట్లన్నీ చెక్కుచెదరలేదు. ఎర్ర దారాలు ఒక్కటీ ఊడలేదు. చిరుగు కుట్టుకు నాలుగు వేళ్ల దూరంలో ఉంది. ఆ గుడ్డను తోపుడుబండిలో వేసుకుని సంఘం సమావేశానికి పోయి, పెద్దల టీ కప్పుల మీదనే పరిచింది.

"అమ్మా, ఇది సాంకేతిక విషయం. మీ బాధ మాకు అర్థమవుతుంది" అన్నాడు అధ్యక్షుడు, ఉన్ని వ్యాపారి హావర్టీ.

"నా బాధ సంగతి ఎవరడిగారయ్యా? పేపరుకు రాసేముందు మీలో ఒక్కరైనా ఈ గుడ్డ చూశారా?"

"మెల్‌బోర్న్‌లో ఒక నిపుణుణ్ణి అడిగాం."

"ఆయన గుడ్డను టెలిగ్రాములో చూశాడా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. థర్జా నవ్వలేదు. గంజి పూసిన గుడ్డముక్కను ఒక చట్రానికి బిగించి వెంట తెచ్చుకుంది. వేలితో కొడితే డప్పులా మోగింది. కూజాలో నీళ్లు చిలకరించి, పావుగంట ఆగి మళ్లీ కొట్టింది. చప్పుడే లేదు. అప్పుడు, చేతికి కట్టుతో మూల కూర్చున్న ఆస్వాల్డ్ వైపు తిరిగింది.

"నీకు చెప్పానా, లేదా?"

అతడు ఒప్పుకున్నాడు: "చెప్పారు."

"మరి ఇన్నాళ్లూ నోరు మెదపలేదేం? విరిగింది భుజమే గదా!"

ఇంత రుజువు కళ్లముందున్నా, సంఘం ఆ రోజు చేసిన తీర్మానం ఇది: ప్రమాద కారణం నిర్ధారణ కాలేదు. నిర్ధారణ కాలేదట! తమ ఊరి మేధావి పొరబడ్డాడని ఒప్పుకుంటే రెండో యంత్రానికి చందాలు రావని వారి భయం. ఒక స్త్రీ బతుకుతెరువు ఆ భయం ముందు తూగలేదు. ఆ అరకొర తీర్మానాన్నయినా పత్రికకు పంపలేదు. నింద వేసేటప్పుడున్న తొందర, దించేటప్పుడు వారికి లేకపోయింది.

మర్నాడు థర్జా ఆ గుడ్డను తన కొట్టు ముందు, వీధిలోకి కనిపించేలా వేలాడదీసింది. చాప వెనక్కి తీసుకుపోయినవారిలో ఒకడైన ఫిన్లే ఆగాడు.

"ఏం థర్జా, విడిపోయిన కుట్టు ఇదేనా?"

"నీకు కళ్లున్నాయి గదా, ఫిన్లే."

అతడు కుట్టుకు అటూ ఇటూ పట్టి, కాలు గోడకు తన్నిపెట్టి, ముఖం ఎర్రబడేదాకా లాగాడు. తర్వాత చిరుగు మీద వేలు పెట్టి, అక్కణ్ణించి కుట్టుదాకా కొలుచుకున్నాడు.

"నా పడవైనా విడిపోతుందేమో గాని, ఇది విడిపోదే" అన్నాడు. సాయంత్రానికల్లా చాపను భుజాన వేసుకుని తెచ్చి, బల్లమీద పెట్టాడు.

సంఘం నుంచి మాత్రం క్షమాపణ ఎన్నడూ రాలేదు. థర్జా బతికున్నన్నాళ్లూ ఆ గుడ్డను దించలేదు.