ఎల్పీ రికార్డుకు గంధం పూసిన కథ

ఆ టక్కు నాకూ వినపడింది. ఏడేళ్ల కింద ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇవాళ ఇంత రాయవలసిన పని ఉండేది కాదు. చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఒక పెద్దమనిషి చెవులు, ఏ జబ్బూ లేకుండానే, పోయాయి. ఎట్లా పోయాయో చెబుతాను. మొదట్లో మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. పోను పోను ఆ నవ్వు మీకే కొంచెం ఇబ్బంది పెడుతుంది.

జనగామలో మాది మైకు సెట్టు దుకాణం, మా బాపు పెట్టింది. డీజేలు వచ్చాక ఆయన గొట్టం మైకులన్నీ మూలకు పడ్డాయి కానీ, ఆయన రికార్డు ప్లేయరును మాత్రం నేను చెడిపోనివ్వలేదు. చుట్టుపక్కల జిల్లాల్లో పని చేసే రికార్డు ప్లేయరు ఇదొక్కటే అని నేనే ప్రచారం చేసుకున్నాను. ఆ ప్రచారం డోర్నకల్ దాకా పోయింది. నా కొంప అక్కడే మునిగింది.

డోర్నకల్ నుంచి సామ్యేలు సార్ వచ్చారు. గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. అక్కడి చర్చిలో క్వయర్‌కు అప్పటికి ముప్పై ఏళ్లుగా పాట నేర్పేది ఆయనే. తువ్వాలలో చుట్టిన ఎల్పీ రికార్డును, పసిపిల్లను దవాఖానకు తెచ్చినట్టు, రెండు చేతులతో తెచ్చారు. అట్ట మీద గూడ్సు డబ్బాకు ఆనుకుని నలుగురు జులపాలవాళ్లు. అమెరికా రాక్ బ్యాండు. పేరు మాత్రం చెప్పను. వాళ్ల అభిమానులు లోకమంతా ఉన్నారట, మా దుకాణం బస్టాండుకు మరీ దగ్గర.

"కొలువుల చేరిన కొత్తల సికింద్రాబాదుల పాత సామాన్లకాడ కొన్న," అన్నారు సార్. "గూడ్సు డబ్బా బొమ్మ జూసి మనోళ్లే అనుకున్న. విన్నంక తెలిసింది. నలుగురు నాలుగు తీర్ల పాడుతరు, ఒక్కడే పాడినట్టు ఉంటది. మా క్వయర్‌ల గొంతులు విడగొట్టుడు నాకు నేర్పింది గీ నలుగురే. రెండో పక్క మూడో పాట ఉన్నది సదానందం, అండ్ల డోలు లేదు, ఏం లేదు. ఉత్త గొంతులు, ఒక గిటారు. నా ప్లేయరు సచ్చిపోయింది. గీ పాటలు జర ఫోన్లకు ఎక్కియ్యాలె."

"దసరా దాటినంక రండి సార్. కంటికి రెప్పలెక్క చూసుకుంట," అన్నాను.

దసరాకు దుకాణంలో ఆయుధపూజ. ఆంప్లిఫయర్లకు, మైకులకు, గొట్టాలకు, కటింగ్ ప్లయరుకు, ఆఖరికి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కూడా గంధం పూసి కుంకుమ పెట్టాను. భక్తి ఎక్కినవాడికి బ్రేకులుండవు. రికార్డు ప్లేయరు మూత ఎత్తాను. ఎక్కిద్దామని రెండో పక్క పైకి పెట్టి ఉంచిన సార్ రికార్డు లోపల నల్లగా నిగనిగలాడుతోంది. మూడు వేళ్లు గంధంలో ముంచి దాని మీద మూడు పట్టెలు లాగాను. మధ్యలో కుంకుమ.

"అయ్యో, గది మనది గాదు గదా?" అన్నది నా భార్య స్వరూప.

"మనది గాకపోతే దేవుడు సూడడా?"

"దేవుడు సూస్తే మంచిదే. సార్ సూస్తేనే ఎట్లనో అని."

మూడో రోజు రికార్డు తిప్పాను. ఎండిన గంధం సిమెంటయింది. చుట్టుకు మూడు దెబ్బలు, టక టక టక్. డోలు లేదని సార్ మురిసిన పాటకు మా దుకాణం తరఫున డోలు పెట్టినట్టయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసు తొక్కి, కడగడానికి కొబ్బరి పీచు అందుకున్నాను. గిన్నెలు తోమే సబ్బు పెట్టి, పట్టెలు ఎట్లా ఉంటే అట్లా, అడ్డంగా తోమాను. గంధం పోయింది. గంధంతో పాటు నిగనిగ కూడా పోయింది. మూడు టక్కుల్లో రెండు పోయి ఒకటి మిగిలింది. గట్టిది, చుట్టుకొకసారి, గోడ గడియారం లెక్క. నేను దాన్ని విజయం కింద జమకట్టుకుని, పాటలు ఎక్కించి, రికార్డును అట్టలో పెట్టి, తువ్వాల చుట్టి, పైన దారం కూడా కట్టాను. తప్పు చేసినవాడు వేసే ముడి చాలా గట్టిగా ఉంటుంది.

సార్ వచ్చి స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఎక్కించిన ఫోన్లోంచి మూడో పాట మొదలైంది. కాసేపటికి కళ్లు తెరిచారు.

"సదానందం, గా టక్కు ఏంది?"

"ఏ టక్కు సార్?"

"గదో... గదో మళ్ల."

"నాకేం వినపడ్తలేదు సార్."

"నీకు వినపడ్తలేదా?"

ఇదిగో, ఇక్కడ నేను నోరు మూసుకున్నా బతికిపోయేవాడిని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు లోకంలో. నేను ఆకులకని పోయి అడవికే అగ్గి పెట్టాను.

"పాటల ఏం లేదు సార్. వయసు మీద పడ్డది గదా. మా బాపుకు గూడ ఆఖరికి గిట్లనే చెవులల్ల లేని చప్పుడు వస్తుండె."

స్వరూప తల వంచుకుని పూల దండలోంచి ఒక్కొక్క పువ్వు తెంపసాగింది. సార్ తన చెవిని వేలితో ఒకసారి నొక్కి చూసుకున్నారు. రికార్డు చంకలో పెట్టుకుని, "మైకు సెట్టోని చెవి గదా నీది, తప్పు పోదు," అని మెట్లు దిగిపోయారు. ముడి విప్పి చూడనే లేదు.

"నీ చెవులకు ఏమొచ్చిందయ్యా?" అన్నది స్వరూప, ఆయన కనుమరుగయ్యాక. ఆ మాట కూడా వినపడనట్టే ఉన్నాను.

పది రోజులకు సార్ ఫోను చేశారు. "మానుకోటల చెవుల డాక్టరుకు చూపెట్టుకున్న. చెవులు మంచిగున్నయి అన్నడు. మరి టక్కో అంటే, ఏ టక్కు అన్నడు. ఖాయమైంది సదానందం, ఆయనకు గూడ వినపడలే."

డాక్టరు ఆ పాట విననే లేదని మీకు తెలుసు, నాకు తెలుసు.

"ఇంట్ల ఫోన్ల పెట్టుకుంటే, రూతమ్మ తనకు గూడ వినపడ్తున్నదంటది," అన్నారు ఆయన భార్య గురించి. "నా మీద జాలి కొద్ది అంటది, పిచ్చిది."

నేను "ఊఁ" అన్నాను. ఆ ఒక్క "ఊఁ"కు నాకు ఎంత శిక్ష పడాలో మీరే ఆలోచించండి.

తర్వాత ఫోను రాలేదు. రాకపోతే మంచిదే అనుకున్నాను. మొన్న భూపాలపల్లిలో ఒక రిసెప్షన్‌కు సౌండు పెట్టినప్పుడు కీబోర్డు వాయించే ఆయన మాటల్లో తనది డోర్నకల్ అన్నాడు.

"సామ్యేలు సార్ క్వయర్ ఎట్లున్నదన్నా?" అన్నాను.

"క్వయర్ ఎక్కడిదే? పెన్‌డ్రైవ్ పెడుతరు, దాని మీద అందరు ఒక్క గొంతుతోని పాడుతరు. సార్ దిగిపోయి ఏడేండ్లాయె."

"ఎందుకు?"

"చెవులు పోయినయట. పాటల లేని టక్కు వినపడ్తదట. తప్పు చెవితోని పిల్లలకు నేర్పితే పాపమని క్రిస్మస్‌కు ముందే దిగిండు. ఎంత బతిమాలినా ఎక్కలే."

ఆ రోజు నా సౌండు అంతా గుయ్ మని ఒకటే మోత. పెండ్లివాళ్లు తిట్టారు. ఎన్ని తిట్లు తిట్టినా నాకు తక్కువే అనిపించింది.

శనివారం రైలెక్కి డోర్నకల్ పోయాను. సార్ వాకిట్లో కుర్చీలో ఉన్నారు. రూతమ్మ చాయ్ తెచ్చింది. చాయ్ తాగితే చెప్పలేనని తాగకుండానే అంతా చెప్పాను. గంధం, పీచు, ముడి, అబద్ధం. రికార్డు తెప్పించి, ఏడేళ్లుగా ఎవరూ విప్పని నా ముడి విప్పి, అట్టలోంచి తీశాను. గీతల్లో ఇంకా పసుపుపచ్చటి మరక.

సార్ ఆ మరకను వేలితో రుద్ది చూశారు.

"నీకు వినపడ్డదా?"

"వినపడ్డది సార్."

"ఎన్నిసార్లు?"

"చుట్టు చుట్టుకు."

"నేను చెప్పలేదా?" అన్నది రూతమ్మ.

"చెప్పినవ్ రూతూ," అన్నారు ఆయన. నా వైపు తిరిగారు. "సన్న గొంతు పాడే సుగుణ పెండ్లయి పెద్దవంగర పోయింది. బొంగురు గొంతు మోషే చెల్పూర్ కరెంటు ప్లాంటుల కొలువుకు చేరిండు. మిగిలినోళ్లు పాడుడు మర్చిపోయిండ్రు. గా గొంతులు తయారు చేసెతందుకు నాకు పదేండ్లు పట్టింది. నువ్వు ఒక్క మాటతోని కొట్టేసినవ్. ఇప్పుడొచ్చి నా చెవుల చెప్తే నాకేం లాభం? రేపు ఆదివారం. చర్చిల అందరి ముందట చెప్పు."

చెప్పడానికి నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా మైకులు అద్దెకిచ్చే మనిషిని. అలవాటు కొద్దీ "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఏదో చెప్పాను. సగం నాకే వినపడలేదు. దిగబోతుంటే మొదటి బెంచీ నుంచి సార్ లేచి చెయ్యి ఎత్తారు.

"ఆగు. ఆఖరికి గొంతు పడిపోయింది. మొదట్ల తొందరపడ్డవ్. వెనక బెంచీకి ఒక్క ముక్క పోలే. మళ్ల మొదటి నుంచి."

రూతమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నది. నేను మైకు దగ్గరికి తిరిగొచ్చి, ఊపిరి పీల్చుకుని, సార్ చెయ్యి దించేదాకా ఆగి, మొదలుపెట్టాను.

"నా పేరు సదానందం. మాది జనగామ. సార్ రికార్డుకు గంధం పూసింది నేను, పీచు పెట్టి తోమి ఖరాబు చేసింది నేను. అండ్ల టక్కున్నది. అది నాకు వినపడ్డది. వినపడలేదని అబద్ధం చెప్పిన. సార్ చెవులు మంచిగున్నయి, అప్పుడు గూడ మంచిగున్నయి. ఇగ ఏ దసరాకు గూడ పరాయి సొమ్ముకు బొట్టు పెట్టనని, వినపడ్డదాన్ని వినపడలేదననని మీ అందరి ముందట ఒట్టేస్తున్న. సార్, తప్పయింది. నన్ను మన్నించుండ్రి."