రైమో ముందు పళ్ళు

మా రైమోకి ముందు పళ్ళు రెండు లేవు. అవి ఎలా పోయాయో చెప్పే కథలు మాత్రం నాకు తెలిసి నూట పదికి పైనే ఉన్నాయి.

మాది ఫిన్లాండులో కుయోపియో దగ్గర చిన్న ఊరు. మా ఐస్ హాకీ జట్టులో పద్దెనిమిదేళ్ళు వాడు డిఫెండరు, నేను గోల్‌కీపర్ని. ఎక్కడ మ్యాచ్ ఉన్నా పాత బస్సులోనే ప్రయాణం. హీటర్ పనిచేసేది కాదు. రైమో నోరు పనిచేసేది. ఒకసారి దుప్పి తన్నిందన్నాడు. ఇంకోసారి, అత్తగారు కాల్చిన రాయిలాంటి రై రొట్టె కొరికానన్నాడు.

"నీకు అత్తగారెక్కడ్రా? పెళ్ళే కాలేదుగా!" అన్నాను.

"అందుకేగా కాలేదు! సంబంధం రొట్టె దగ్గరే ఆగిపోయింది."

ఒకసారి తంపెరె జట్టు ఆటగాడొకడు మంచు మీదే వాణ్ణి ఎగతాళి చేశాడు: "పళ్ళేవిరా ముసలోడా?"

"మీ కప్పు అసలు వెండేనా అని కొరికి చూశాను. రేకు గట్టిదే!"

"కట్టుడు పళ్ళు పెట్టించుకోవచ్చుగా" అంటే, "పెట్టించుకుంటే ఇంకెవరడుగుతారు?" అనేవాడు.

ముప్పై ఎనిమిదో ఏట రైమో మోకాళ్ళు ఇక చాలన్నాయి. ఆఖరి మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూములో కాఫీ, ఏలకుల బన్నులు. మా స్కేట్లకి పదునుపెట్టే ఆర్విద్ పెద్దాయనకీ అదే రోజు వీడ్కోలు. ఏడాదికొక మాట మాట్లాడే మనిషి, ఆరోజు లేచి నిలబడ్డాడు.

"ఆ పళ్ళు ఊడగొట్టింది నేను."

అందరం కప్పులు దించాం.

"వీడొచ్చిన మొదటి ఏడాది. ప్రాక్టీసులో వీడు ఇటే వస్తున్నాడని చూసుకోక మైదానం గేటు విసురుగా తోశాను. నా ఎడమ కన్ను అప్పటికే పోయింది. తెలిస్తే క్లబ్బువాళ్ళు నన్ను ఇంటికి పంపేసేవాళ్ళు. వీడేమో నెత్తురు తుడుచుకుంటూ, 'నువ్వు నోరు విప్పకు పెద్దాయనా, చెప్పుకునే పని నాకొదిలెయ్' అన్నాడు. ఇన్ని కథలుంటే నిజాన్ని ఎవడు వెతుకుతాడట!"

అందరం రైమో వైపు తిరిగాం. ఆవిరిగది నుంచి అప్పుడే వచ్చినవాడిలా ఎర్రబడ్డాడు.

"ముసలాయన... ఏదో... కల్పించి చెబుతున్నాడు" అని గొణిగాడు. పద్దెనిమిదేళ్ళలో అంత పేలవమైన అబద్ధం వాడి నోట నేను వినలేదు.

క్లబ్బు అధ్యక్షుడికి మాత్రం వేరే బెంగ పట్టుకుంది. "అంటే ఆర్విద్, ఇన్నేళ్ళూ మా కుర్రాళ్ళ బ్లేడ్లకి ఒంటికన్నుతోనా పదునుపెట్టావు?"

"లేదు, పదును చూసేది బొటనవేలితో" అన్నాడు ఆర్విద్, ఇంకో బన్ను తీసుకుంటూ.