వంకర తిరిగిన కోటగోడ

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగి, జైలుకు వెళ్లినవారు ఇళ్లకు చేరాక, వెళ్లనివారికి కూడా దేశభక్తి చూపించుకునే దారి ఒకటి కావలసి వచ్చింది. ఏలూరులో ఆ దారి పూర్వవైభవం మీదుగా పోయింది. పేరున్న ప్లీడరు ఒకాయన చరిత్ర సంఘం పెట్టారు. ఆదివారం సాయంకాలాలు ఆయన మేడమీద అయిదారుగురం కూర్చుని, మన పూర్వులు ఎంత గొప్పవారో కాఫీ తాగుతూ తేల్చేవాళ్లం. పూర్వులు వచ్చి కాదనరు గనుక తీర్మానాలన్నీ నెగ్గేవి. ఒక్క నా చెయ్యి మాత్రం ఎప్పుడూ లేచేది కాదు.

నేను అప్పుడు తాడేపల్లిగూడెంలో బడిపంతులుని. పాసింజరు బండెక్కి వచ్చేవాణ్ణి. సంస్కరణ సభల్లో జాతకాల మీద, అంటరానితనం మీద వాదించి వాదించి, ఎదుటివాడు నోరు తెరవగానే ఎక్కడ పట్టుకోవాలా అని చూసే గుణం అబ్బింది. కాదనేవాడు ఒకడు లేకపోతే సభ రక్తి కట్టదని ప్లీడరు గారికి కోర్టు నేర్పింది. అందుకే నన్ను చేర్చుకున్నారు.

ఒక మాఘమాసపు ఆదివారం సంఘమంతా పెదవేగి బయలుదేరింది. ఒకప్పటి వేంగీ నగరం అక్కడి దిబ్బల కింద ఉందని చెబుతారు. కోటగోడ ఎటునుంచి ఎటు పోయిందో చూసి పటం గీసి, చిన్న పుస్తకం అచ్చువేయాలని సంకల్పం. సంఘమంతా అన్నానే గానీ, తెల్లవారుజామున లేవడం అనేసరికి ముగ్గురమే మిగిలాం: ప్లీడరు గారు, సంఘానికి శాస్త్రప్రమాణాలు అందించే ఒక వృద్ధ పండితుడు, నేను. రెండెడ్ల బండిలో శిథిలాల మీద పరుచుకోవడానికి ఏలూరు తివాచీ కూడా వచ్చింది.

దారి పొడుగునా పండితుడు గారు నగరాన్ని కట్టుకుంటూ వచ్చారు. కొల్లేటి నుంచి ముత్యాల పడవలు కోటవాకిలి దాకా వచ్చేవట.

"కొల్లేట్లో ముత్యాలెక్కడివండీ?" అన్నాను.

"అప్పట్లో ఉండేవి."

"ఇప్పుడేమయ్యాయి?"

"కలియుగం కదయ్యా," అన్నారాయన. ప్లీడరు గారు ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. కలియుగం ఎప్పుడు మొదలయిందో, వేంగి ఎప్పుడు వెలిసిందో అడుగుదామనుకుని, బండి కుదుపుకు నాలుక కరుచుకుని మానేశాను.

ఊరి మునసబు గారు కొబ్బరిబొండాలతో ఎదురొచ్చారు. మంచి రైతు, మాట నెమ్మది. ప్లీడరు గారు ఉత్తరీయం సర్దుకుని, సభలో అడిగినట్టు అడిగారు:

"కోట ఎక్కడండీ?"

"కోటా అండీ? అదిగో, వెళ్లిపోతోందండీ," అని ఆయన చెయ్యి చూపించారు. దిబ్బ పక్కనుంచి మూడు బళ్లు మన్ను వేసుకుని పొలాలవైపు పోతున్నాయి.

వందల ఏళ్లు మనుషులు కాపురమున్న చోట బూడిద, పెంట, కుండపెంకులు కలిసి నల్లబడ్డ మన్నును పాటిమన్ను అంటారు. వరిచేలకు దాన్ని మించిన ఎరువు లేదు. మా పూర్వుల రాజధాని ఏటా మాఘంలో కొంచెం కొంచెంగా బండెక్కి చేలల్లో పడి, మార్గశిరంలో బస్తాలుగా తిరిగివస్తోంది.

"రాజధానిని పొలాలకు తోలిస్తున్నారా!" అన్నారు ప్లీడరు గారు.

"ఏం చెయ్యమంటారండీ, పశువుల పెంట చాలటంలేదు," అన్నారు మునసబు గారు, నొచ్చుకుంటూ.

మిగిలిన కోటను అయినా పట్టుకుందామని నడక మొదలుపెట్టాం. గోడ అంటే నిలబడి ఉన్న గోడ కాదు; గట్టులా ఉబ్బిన నేల, అక్కడక్కడ బయటపడ్డ ఇటుకలు. ఒక్కొక్కటి మూరెడు పొడుగు. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో మూడు వేళ్లతో గీసినట్టు ప్రతి ఇటుక మీదా మూడు గీతలు. ముత్యాల పడవలకు చలించని నేను ఆ వేళ్ల గుర్తుల్లో నా మూడు వేళ్లు పెట్టి చూసుకున్నాను. రాజు వేళ్లు కావవి.

గట్టు తిన్నగా తూర్పుకు పోయి ఒక పేటలో దూరింది. మిషను బడి, తాటాకు గుడి ఉన్న క్రైస్తవుల పేట. వాళ్లు మతం మారి రెండు తరాలయినా, ఊరి దృష్టిలో మారలేదు, అంటరానివాళ్లే. పండితుడు గారు ఠక్కున ఆగారు.

"కోట ఇక్కడితో సరి."

"గట్టు లోపలికి పోతోంది కదండీ?"

"పోదు. అది పేట. పేట ఎప్పుడూ పురానికి వెలుపలే ఉండాలి. శాస్త్రం."

ఇలాంటి మాట వింటే నా కాళ్లు ఆగవు. పేటలోకి నడిచాను. ప్లీడరు గారు, మునసబు గారు కొంచెం ఎడంగా వెనకాలే వచ్చారు. పండితుడు గారు ఇంకొంచెం ఎడంగా వచ్చారు.

పేట నడుమ ఒక నుయ్యి, దాని గట్టుమీద తలనెరిసిన ఒక ఆమె చేదతో నీళ్లు తోడుతోంది. "ఈ నుయ్యి ఎవరు తవ్వారు మామ్మా?" అని అడిగాను. 'మామ్మా' అన్నందుకు వెనకనుంచి దగ్గు వినిపించింది.

"మా ఇంటాయనేనండి. గోడలకి మన్ను తీత్తుంటే ఇటికెలు తగిలినాయండి. గుండ్రంగా ఉంటే నుయ్యనుకుని, పేటంతా కలిసి రెండు వేసంగులు పూడిక తీశారండి. అంతకుముందు తమ్మిలేటి దాకా పోయి ఇసకలో చెలమలు తీసుకునేవోళ్లం. ఊరి చెరువు మమ్మల్ని ముట్టుకోనివ్వరు కదండీ."

లోపలికి తొంగిచూశాను. మూరెడు ఇటుకలు. మూడేసి గీతలు.

వాదనలో గెలిచే ఘడియ వచ్చిందంటే నాకు ఒళ్లు తెలియదు. "దొరికింది!" అని కేకపెట్టాను. "చూడండి ప్లీడరు గారూ! కోటలో ఇటుక, నూతిలో ఇటుక ఒకటే. పొడుగు ఒకటే, గీతలు ఒకటే. ఇది కోట లోపలి నుయ్యి! కాదనండి చూద్దాం!"

మునసబు గారి ముఖం వెలిగిపోయింది.

"అయితే ఇది రాజుల నుయ్యేనన్నమాట! ప్లీడరు గారూ, తమరు ఒక్క ముక్క కాగితం మీద రాసిచ్చారంటే, శుద్ధి చేయించి ఊళ్లోకి కలిపేసుకుంటామండి. వేసవిలో మా చెరువు అడుగంటి చస్తున్నాం."

"మరి వీళ్లు?" అన్నాను.

"వీళ్లకేవుందండీ, తమ్మిలేరు ఉందిగా."

ఆయన కటువుగా అనలేదు. బొండాం అందించినంత మర్యాదగానే అన్నారు. మామ్మ చేతిలో చేద సగంలో ఆగింది.

"అయ్యగారండీ, మన్ను తీసినప్పుడు మాదేనండి ఈ గొయ్యి. నీళ్లు పడ్డాక రాజుగారిదయిందాండీ?"

ప్లీడరు గారు అప్పటికే పెన్సిలు తీశారు. సభల్లో అంటరానితనం మీద గంటేసి సేపు ఉపన్యసించిన నేను, ఒక్క నిమిషం సత్యం పలికి ఒక పేటకు నీళ్లు లేకుండా చేయబోతున్నాను. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు; తీసుకున్నా నమ్మరు, ఇటుకలు ఎదురుగానే ఉన్నాయి. ఇక మిగిలింది పండితుడు గారే. ఆయన దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పండితుల వారూ, తమరు ఇందాక సెలవిచ్చింది నేను కాదన్నాను. తప్పయింది. పేట ఎక్కడ ఉండాలన్నారు?"

"వెలుపల," అన్నారాయన, అనుమానంగా.

"ఎప్పుడూనా? అప్పట్లో కూడానా?"

"అప్పట్లో మరీ గట్టిగా ఉండేదయ్యా."

"ఈ నుయ్యి పేట నడుమ ఉంది. ఇది కోట లోపలిదైతే నుయ్యి ఒక్కటే లోపలికి రాదు కదండీ. వీళ్ల ఇళ్లకిందా ఇవే ఇటుకలు. పేటంతా లోపలికి వస్తుంది. అప్పుడు మహారాజుగారికి ఇరుగుపొరుగు వీళ్ల పూర్వులవుతారు. పుస్తకంలో అలాగే వేద్దామంటారా?"

ఆయన పేటవైపు చూశారు, గట్టువైపు చూశారు. ముత్యాల పడవలు, ఏనుగులు, తాను మూడు గంటలు కట్టిన నగరమంతా కళ్లముందు మైలపడిపోతున్నట్టుంది.

"వెలుపలే," అన్నారు గట్టిగా. "ముమ్మాటికీ వెలుపలే."

"ఇటుకలు ఒకటే కదండీ మరి?" అన్నారు ప్లీడరు గారు.

"కోట కట్టగా మిగిలినవి. దయగల ప్రభువు, బయటివాళ్లకు ఇప్పించి ఉంటాడు."

"ఇంకోసారి ఆలోచించండి పండితుల వారూ," అన్నారు మునసబు గారు, దాదాపు ప్రాధేయపడుతూ.

"నీ చెరువు కోసం శాస్త్రం మారుతుందా!"

శాస్త్రం మారలేదు, గోడ మారింది. ప్లీడరు గారి పెన్సిలు తూర్పుకు తిన్నగా వచ్చి, పేట ఎదుటికి రాగానే మోకాలు ముడిచినట్టు లోపలికి వంగి, నూతిని తప్పించుకుని, మళ్లీ తిన్నగా పోయింది. నేలమీద గట్టు మాత్రం వంగకుండా ఇళ్లకింద నుంచి తన దారిన తాను పోతూనే ఉంది.

వాళ్లు తివాచీ దగ్గరికి మళ్లారు. నేను ఆగాను. గెలిచిన ఉత్సాహం, పైగా ఎండ. "మామ్మా, దోసిట్లో కొంచెం నీళ్లు పొయ్యి. అందరూ చూస్తుండగా తాగుతాను," అన్నాను. సభల్లో ఈ ఘట్టానికి చప్పట్లు పడేవి.

ఆమె చేద వెనక్కి లాక్కుంది.

"వద్దు బాబూ. నువ్వు తాగితే తియ్యగా ఉన్నాయంటావు. నీకు నోరాగదు, ఇందాకే చూశాను. ఎవరన్నా అడిగితే ఉప్పనీళ్లని చెప్పు. ఆ మేలు చెయ్యి, చాలు."

తిరుగుదారిలో మునసబు గారు ఊరిచివర దాకా బండి వెంట నడిచి వచ్చారు. ఆఖరున నెమ్మదిగా అడిగారు: "ఏవండీ, అక్కడ ఆగారు కదా, నీళ్లు ఎలా ఉన్నాయండీ?"

"ఉప్పు కషాయమండీ. నోట పెట్టలేం," అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయి ఉండబట్టి ఆ మాట నిజంలాగే వచ్చింది.

"పోనీలెండి," అని ఆయన ఊపిరి వదిలి వెనక్కి తిరిగారు.

మరుసటి ఏడు పుస్తకం అచ్చయింది. మేడమీద సభలో ఎవరో పటం చూసి, గోడ అక్కడ వంకర తిరిగిందెందుకని అడిగారు. శత్రువులను తికమకపెట్టడానికి మన పూర్వులు పన్నిన వ్యూహమని ప్లీడరు గారు వివరించారు. పండితుడు గారు తల పంకించారు. ఆ వివరణను ఆమోదిస్తూ తీర్మానం పెట్టారు.

ఆ సంఘంలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే. నేను కూడా చెయ్యెత్తాను.